పిన్నికి రావట్లేదు

ఆ ఆఫీసులో ఆవిడ నోటివెంట "బాగుంది" అన్న మాట విన్నవాళ్ళు లేరు. "రావట్లేదు" అన్న మాట విననివాళ్ళూ లేరు. అందుకే ఆవిడ అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ రావట్లేదక్క. పైగా ఆ "రావట్లేదు" ఒంటరిగా వచ్చేది కాదు, ఎప్పుడూ ఒక చుట్టాన్ని వెంటబెట్టుకుని వచ్చేది. "మా పెద్దమ్మకి రావట్లేదు." "మా చిన్నాన్నకి సగమే వచ్చింది." "మా మేనత్తకి వచ్చింది కానీ, తలకిందులుగా వచ్చింది."

ఆఫీసు వాళ్ళు చేసే పని ఒక పెద్ద ఆసుపత్రికి వెబ్ పేజీలు తయారుచేయడం. లోపల ఇప్పుడు ఏ నంబరు నడుస్తోంది, ఏ డాక్టరు ఏ గదిలో ఉన్నారు, రక్తపరీక్ష ఫలితం వచ్చిందా లేదా, ఇలాంటివన్నీ జనం ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకోవాలి. ప్రోగ్రామర్లు పేజీ తయారుచేస్తారు. అది జనంలోకి వెళ్ళేముందు రకరకాల బ్రౌజర్లలో సరిగ్గా కనిపిస్తోందో లేదో చూడడం రావట్లేదక్క ఉద్యోగం. యాభై దాటిన మనిషి. కూర్చుని చేసుకోదగ్గ ఉద్యోగమే. కానీ ఆవిడకి కూర్చోవడం చేతకాదు. కుర్చీ కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా దానిమీదే ఉంది. చేతిలో ఏదో ఒక ఫోను పట్టుకుని మెట్లెక్కుతుంది, మెట్లు దిగుతుంది, కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి బయటపెడుతుంది, చేతులు కడుక్కుని తుడుచుకోకుండానే తెరమీద తడివేళ్ళతో గీస్తుంది. ఆవిడ నడిచిన నడకకి ఈపాటికి ఇంకో ఊరు వచ్చేసి ఉండాలి.

ఆ ఆఫీసుకి కొత్తగా ఒక ప్రోగ్రామరు వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు, పనిమంతుడు. తన పనంటే తనకే ముద్దు. ఏది అడిగినా "ఒక్క క్షణంలో చేసేస్తానండీ" అనేవాడు. వారం తిరక్కుండానే ఆయనకి క్షణంగారని పేరు స్థిరపడింది.

క్షణంగారు చేసిన మొదటి పేజీ నంబర్ల పేజీ. ఆసుపత్రి గదులన్నీ బొమ్మగా కనిపిస్తాయి, ఏ గదిలో ఏ నంబరు నడుస్తోందో అక్కడ దీపం వెలుగుతుంది. వేలితో గదిని ముట్టుకుంటే లోపలున్న డాక్టరు పేరు వస్తుంది. దాన్ని ఆయన తన తెరమీద ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ మురిసిపోతూ ఉండగా, వెనకనుంచి గొంతు వినిపించింది.

"బాబూ, మా పెద్దమ్మకి రావట్లేదు."

క్షణంగారు ఉలిక్కిపడి తిరిగాడు. "ఏం రావట్లేదండీ?"

"నీ పేజీయే. మధ్యలో చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. చూసి చూసి నాకే కళ్ళు తిరుగుతున్నాయి."

"నాకు వస్తోందండీ. ఇదిగో, చూడండి."

"నీకు రావడానికేం నాయనా! నువ్వే చేశావు. నీక్కూడా రాకపోతే ఇంకెవరికొస్తుంది? పెద్దమ్మ సంగతి చెప్పు."

"ఓసారి రిఫ్రెష్ చెయ్యమనండి."

"అయింది."

"బ్రౌజర్లో పాత సరుకంతా పేరుకుపోయి ఉంటుంది. అది తుడిచెయ్యమనండి."

"ఇల్లు తుడిచినట్టు తుడవడం కూడా అయింది."

"అయితే నెట్ సరిగ్గా లేదేమో."

"మిగతావన్నీ వస్తున్నాయి. నీదొక్కటే రావట్లేదు."

ఆ "నీదొక్కటే" క్షణంగారికి గుచ్చుకుంది. "ఒక్క క్షణం" అని తెరవైపు తిరిగాడు. ఆ క్షణం సాయంత్రం దాకా సాగింది. చివరికి తేలిందేమిటంటే, ఆయన కొత్తగా నేర్చుకున్న పద్ధతిలో రాసిన నాలుగు ముక్కలు పాత బ్రౌజర్లకి అర్థం కావు. అర్థం కాకపోతే అడగడానికి వాటికి నోరు లేదు, అక్కడే ఆగిపోయి చక్రం తిప్పుతాయి. ఆ ముక్కల్ని పాత పద్ధతిలో తిరగరాశాడు. రావట్లేదక్క గబగబా వెళ్ళి గబగబా వచ్చింది.

"పెద్దమ్మకి వచ్చింది."

క్షణంగారి ముఖం వెలిగిపోయింది.

"చిన్నాన్నకి రావట్లేదు."

అలా మొదలైంది. ఆవిడ వంశం ఎంత పెద్దదో క్షణంగారికి రోజురోజుకీ తెలిసివచ్చింది. బావ ఒకడున్నాడు, పరమ అనుమానపు మనిషి. బ్రౌజర్లో కనిపించిన ప్రతిదాన్నీ ఆపేసి పెడతాడు, పేజీని ఆడించే ఏ స్క్రిప్టునీ గుమ్మం తొక్కనివ్వడు. మేనత్త అక్షరాలు ఎంత పెద్దవి చేస్తుందంటే తెరమీద ఒక్క మాట పడుతుంది, నొక్కాల్సిన బటన్ అంచు దాటి ఎక్కడికో పోతుంది. తాతయ్య అన్నిటికంటే నిదానం. పొద్దున నొక్కితే మధ్యాహ్నానికి తెరుచుకుంటాడు. "ఆవిడ పుట్టింటివాళ్ళలో ఒక్కరికీ మంచి ఫోను లేదే!" అని క్షణంగారు ఇంట్లో భార్యతో వాపోయాడు. "పోనీ అందరికీ కలిపి మీరే ఒకటి కొనివ్వకూడదూ! పెందలాడే ఇంటికొస్తారు" అందావిడ.

అయినా క్షణంగారు విసుక్కుంటూనే లేచేవాడు. ఎంతైనా ఇంటి పెద్దలు. ఎవరో పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చుంటుందని తలుచుకుంటే కుర్చీలో కూర్చోబుద్ధయ్యేది కాదు.

ఒకసారి ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు పేజీలు చూడడానికి ఆఫీసుకి వచ్చారు. మేనేజరు ఎదురెళ్ళి లిఫ్టులోకి తీసుకొచ్చాడు. లిఫ్టులో మూలగా రావట్లేదక్క నిలబడి ఉంది, చేతిలో ఫోను.

"మీరే అంతస్తుకి?" అన్నారు డాక్టరుగారు మర్యాదగా, బటన్ దగ్గర వేలు పెట్టి.

"నేనెక్కడికీ వెళ్ళట్లేదండీ."

"అంటే?"

"తలుపు మూసుకుంటే నెట్ పోతుంది, తెరుచుకుంటే వస్తుంది. పోయి వచ్చేసరికి మేనత్త రాసిందంతా ఎగిరిపోతోంది, పాపం మళ్ళీ మొదట్నించీ రాసుకోవాల్సి వస్తోంది. పొద్దుట్నించీ అదే చూస్తున్నా. మీరు ఎక్కండి, దిగండి, నాకేం ఇబ్బంది లేదు."

డాక్టరుగారు కాసేపు ఆలోచించి మేనేజరు చెవిలో మెల్లగా అడిగారు. "ఆవిడ మేనత్త ఎక్కడున్నారు?"

మేనేజరుకీ తెలియదు. "ఈ బిల్డింగులోనే ఎక్కడో ఉండి ఉంటారండీ" అన్నాడు.

ఇది ఇలా ఉండగా, ఒకరోజు పొద్దున్నే రావట్లేదక్క వచ్చి, కుర్చీలో కూర్చుంది. ప్లాస్టిక్ కవరు కరకరమంది. ఆఫీసంతా తలెత్తి చూసింది. ఆవిడ కూర్చోవడం ఎవరూ ఎరగరు.

క్షణంగారు గబగబా దగ్గరికి వెళ్ళాడు. "ఏమైందక్కా?"

"తాతయ్య లేవట్లేదు" అందావిడ. "రాత్రి బాగానే ఉన్నాడు. పొద్దున ఎంత కదిపినా చలనం లేదు. ఒళ్ళు చల్లగా ఉంది."

క్షణంగారు ఒంగి అడిగాడు. "ఎవరికైనా చూపించారా?"

"చూపించాను. ఇంత వయసొచ్చాక ఇంకెందుకమ్మా, వదిలెయ్యండి అన్నాడు."

"అంత మాటన్నాడా! ఏం మనిషండీ వాడు!"

"ఇంకో ఆయన దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నా. గుండె మార్చి చూస్తానన్నాడు."

ఆ వయసులో గుండె మార్పిడి మాట వినేసరికి అందరికీ సంగతి అర్థమైపోయింది. పాపం, దుఃఖంలో మాట తడబడుతోంది. మేనేజరు వచ్చి "మేడమ్, మీరు వెంటనే బయల్దేరండి, సెలవు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఆవిడ వెళ్ళాక అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడ్డారు. తాతయ్య కోసం తానెన్ని పేజీలు తేలిక చేశాడో తలుచుకుని క్షణంగారికి కళ్ళు చెమర్చాయి. స్వయంగా వెళ్ళి పెద్ద పూలదండ ఒకటి తెచ్చాడు. అందరూ కలిసి ఆవిడ ఇంటికి వెళ్దామని లేచి చెప్పులు వేసుకుంటూ ఉన్నారు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"లేచాడు!" రావట్లేదక్క రొప్పుతూ లోపలికొచ్చింది. "కొత్త బ్యాటరీ వెయ్యగానే లేచి కూర్చున్నాడు!"

ఆవిడ చేతిలో ఇటుకంత మందం ఉన్న పాత ఫోను ఒకటి మినుకుమినుకుమంటోంది.

క్షణంగారు పూలదండని మెల్లగా వీపు వెనక్కి జరిపాడు.

"అది... తాతయ్యా?" అన్నాడు మేనేజరు.

"మరి? మీకు తెలీదూ?" ఆవిడ తన బల్ల సొరుగు లాగింది. లోపల గుడ్డముక్కల మధ్య ఫోన్లూ ట్యాబ్‌లూ పడుకుని ఉన్నాయి. "ఇది పెద్దమ్మ. అంచు పగిలిందే, అది చిన్నాన్న. మేనత్త. బావ."

ఆఫీసంతా పడిపడి నవ్వింది. మేనేజరు గోడ పట్టుకుని నవ్వాడు. రావట్లేదక్క కూడా నవ్వింది. "దండ ఎవరు తెచ్చారు? బాగుంటుంది, తాతయ్యకి వెయ్యండి" అంది. నవ్వనిది క్షణంగారొక్కడే. ఇన్నాళ్ళూ తను భోజనం మానుకుని పరుగులు పెట్టింది సొరుగులోని తుక్కు కోసమా? కళ్ళద్దాల పెద్దమ్మ ఏమైంది? చెవులదాకా ఎర్రబడిపోయాడు. ఆ తర్వాత ఆవిడ "చిన్నాన్నకి రావట్లేదు బాబూ" అని వస్తే తెరమీంచి చూపు తిప్పకుండానే "చిన్నాన్నని మార్చెయ్యండి" అనేవాడు.

అప్పుడే పెద్ద పని వచ్చిపడింది. చేతికి దెబ్బ తగిలో ఆపరేషనయ్యో వేళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు ఇంటి దగ్గర చెయ్యాల్సిన వ్యాయామాలని ఆటలా పేజీలో పెట్టాలని ఆసుపత్రి వాళ్ళు అడిగారు. తెరమీద టీ కెటిల్ ఉంటుంది. వేలితో పట్టి వంచితే కప్పుల్లో టీ పడాలి. చెయ్యి తిరగకపోతే టీ కిందికి ఒలికిపోతుంది. బంతులు బుట్టలో వెయ్యాలి, చొక్కా గుండీలు పెట్టాలి. క్షణంగారు ప్రాణం పెట్టి చేశాడు. కెటిల్ మూతి నుంచి ఆవిరి కూడా వచ్చేది.

ఆసుపత్రిలో చూపించాల్సిన రోజు దగ్గరపడింది. ఆఫీసులో ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. మేనేజరు గోళ్ళు కొరుక్కుంటూ అటూ ఇటూ, డాక్టరుగారి ఫోన్లు అందుకుంటూ ఇటూ అటూ. వాళ్ళందరి మధ్యనుంచీ రావట్లేదక్క.

"పెద్దమ్మకి వచ్చింది, చిన్నాన్నకి వచ్చింది, తాతయ్యక్కూడా వచ్చింది. పిన్నికి రావట్లేదు."

పిన్ని కొత్త చుట్టం. పాతకాలపు ట్యాబ్, వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి ఉంది, ఛార్జర్ తీగ లేకపోతే బతకదు.

"ఏం వస్తోంది?" అన్నాడు క్షణంగారు, చూడకుండానే.

"పేరొస్తుంది, కింద రాతలొస్తాయి. కెటిల్ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. బూడిదరంగుది. చక్రం కూడా లేదు. చక్రం తిరుగుతుంటే ఏదో వస్తుందన్న ఆశైనా ఉంటుంది. ఇది ఒట్టి డబ్బా బాబూ."

"తుడిచి చూశారా?"

"అన్నీ చూశాను. బ్రౌజర్ తీసేసి మళ్ళీ వేశాను. వేరే నెట్‌తో చూశాను. మేడమీదికెళ్ళి చూశాను. నాకు అంతు చిక్కట్లేదు. నువ్వొకసారి చేత్తో పట్టుకుని చూడు."

"పిన్ని అంటే ఆ రబ్బరు బ్యాండు ట్యాబే కదా?"

"అవును."

"దానికి రాకపోతే కొంపలేం మునగవు."

"మునుగుతాయి" అందావిడ. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే చలాకీతనం లేదు.

మేనేజరు మధ్యలోకి వచ్చాడు. "మేడమ్, ఈ రోజుల్లో ఆ ట్యాబ్ ఎవరి దగ్గరుంటుంది? మ్యూజియంలో కూడా ఉండదు. పిన్నిని సొరుగులో పడుకోబెట్టి తాళం వేసెయ్యండి. రేపు అందరం ఆసుపత్రికి వెళ్తున్నాం."

రావట్లేదక్క తీగ చుట్టుకుని, పిన్నిని చంకలో పెట్టుకుని మెట్లవైపు వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆవిడ అడుగుల చప్పుడు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వినిపిస్తూనే ఉంది. క్షణంగారు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. అయినా వినిపించింది.

మర్నాడు ఆసుపత్రి వ్యాయామాల హాల్లో పెద్ద తెర పెట్టారు. మేనేజరు కొత్త చొక్కా వేసుకున్నాడు. పెద్ద డాక్టరుగారు ముందు వరసలో కూర్చున్నారు. వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ లేచి, "పెద్ద తెరమీద చూస్తే ఏం తెలుస్తుంది? వీళ్ళంతా ఇంటిదగ్గర చేసుకోవాల్సినవాళ్ళు. ఎవరి ఫోన్లు వాళ్ళనే తెచ్చుకోమన్నాను" అంది.

అప్పుడు చూశాడు క్షణంగారు. గోడవారగా కుర్చీల్లో పది పన్నెండుమంది కూర్చుని ఉన్నారు, కట్లతో, కర్రలతో. ఒళ్ళో ఫోన్లు. ఒక పొడుగాటి ముసలాయన చేతిలో ఇటుకంత మందం ఫోను. పక్కనే ఒకావిడ, ఒక్క మాటే పట్టేంత పెద్ద అక్షరాలు పెట్టుకుని ముక్కు దగ్గర పట్టుకుంది. ఒకాయన ఫోనుకి అంచు పగిలి ఉంది. ఇవి తను ఎక్కడో చూశాడు. ఎక్కడ చూశాడో తట్టేలోపు హాలంతా సందడి మొదలైంది. "వచ్చింది!" "నాకూ వచ్చింది, టీ పడుతోంది!" "అయ్యో, నాది ఒలికిపోయింది!" మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు.

"నాకు ఖాళీ డబ్బా వచ్చింది బాబూ."

చివరి కుర్చీ. గోడకున్న ప్లగ్గులోంచి తీగ, తీగ చివర రబ్బరు బ్యాండు వేసిన ట్యాబ్, దాన్ని ఎడంచేత్తో పట్టుకున్న అరవయ్యేళ్ళావిడ. కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. మెడలో కొలత టేపు వేలాడుతోంది. బట్టలు కుట్టే మనిషి, చెయ్యి విరిగి మిషన్ దగ్గర కూర్చోలేకపోతున్నా టేపు మాత్రం తియ్యలేదు.

మేనేజరు కొత్త చొక్కా వీపున తడిసిపోయింది. "చూడండి, చూడండి" అని క్షణంగారిని తోశాడు.

క్షణంగారు ఆవిడ ముందు నేలమీద కూలబడ్డాడు. రిఫ్రెష్ కొట్టాడు, డబ్బా. మూసి తెరిచాడు, డబ్బా. తన ఫోన్లోని నెట్ ఇచ్చి చూశాడు, డబ్బా. తలెత్తితే డాక్టరుగారి బూట్లు కనిపిస్తున్నాయి, అవి నేలమీద టకటకలాడుతున్నాయి.

"కంగారు పడకు నాయనా" అంది కుట్టుపనావిడ. "దీనికి కాస్త చాదస్తం. తీగ పీకితే చచ్చిపోతుంది, గుచ్చితే లేస్తుంది. లేచినప్పుడల్లా అప్పుడే పుట్టినట్టు లేస్తుంది. ఏమీ గుర్తుండదు దానికి."

"అప్పుడే పుట్టినట్టా?" క్షణంగారు ఆగిపోయాడు. "అప్పుడే పుట్టినట్టు!"

సెట్టింగుల్లోకి వెళ్ళి తేదీ చూశాడు. ఆ ట్యాబ్ లెక్క ప్రకారం ఆ ఆసుపత్రికి ఇంకా పునాది కూడా పడలేదు.

"దొరికింది!" అని అరిచాడు. "రాతలు ఆసుపత్రి నుంచే వస్తాయి, వాటిని ఎవరూ ఆపరు. కెటిల్ బొమ్మ మాత్రం మన దగ్గర్నుంచి వస్తుందండీ. వస్తూ వస్తూ తన గుర్తింపు కార్డు చూపిస్తుంది. ఈ ట్యాబ్ దానిమీద తేదీ చూసి, ఇంకా రాని ఏడాది కార్డు తెచ్చావు, నువ్వు దొంగవి అని గుమ్మంలోంచే తరిమేస్తోంది. మనకి మిగిలేది ఖాళీ గుమ్మం!"

తేదీ సరిచేశాడు. డబ్బా ఒకసారి రెపరెపలాడి కెటిల్ అయింది. ఆవిరి వచ్చింది. ఆవిడ ముడుచుకున్న కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి తెరమీద పెట్టింది. కెటిల్ ఒరిగింది. కప్పులో ఒక్క చుక్క పడలేదు, టీ అంతా బల్లమీద వరదై పారింది. హాలంతా చప్పట్లు.

"పోన్లే, తుడిచే పని లేదుగా" అందావిడ.

క్షణంగారు అప్పుడు ఆవిడ ముఖంలోకి చూశాడు, రబ్బరు బ్యాండు వైపు చూశాడు, మళ్ళీ ముఖంలోకి చూశాడు. "అంటే... పిన్ని... మీరా?"

"నాకు పిన్నని పేరెట్టిందా ఆ పిల్ల?" ఆవిడ నవ్వింది. ఆ పిల్ల, అంటే రావట్లేదక్క, హాలు రెండో మూల ఒకరి ఫోను మీద వంగి ఉంది. "నంబర్ల బొమ్మ రావట్లేదని నేను మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మాకు బాగానే వస్తోందని పెట్టేశారు. తర్వాత ఈ పిల్ల తనే ఫోన్ చేసి, నీ దగ్గరున్నది ఏ రకం, ఎలా ఉంటుందని అడిగి, పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి సరిగ్గా ఇలాంటిదే వెతికి తెచ్చుకుంది. దాంట్లో వచ్చేదాకా నిద్రపోనంది. పోతే నిన్ను తెగ మెచ్చుకుంటుంది నాయనా. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, నా మాట పూర్తవకముందే లేచి నిలబడతాడు, ఆయన ఉండగా మీకు దిగుల్లేదు అంటుంది. క్షణంగారంటే నువ్వే కదూ?"

ఇటుక ఫోను ముసలాయన కర్ర ఊతం చేసుకుంటూ వచ్చాడు. "క్షణంగారా? మీ దయవల్లే నాకు నంబర్లు కనిపిస్తున్నాయి బాబూ. లేకపోతే పొద్దుటే వచ్చి పొద్దుగూకేదాకా ఇక్కడ కూర్చునేవాణ్ణి." పెద్ద అక్షరాల ఆవిడ కూడా వచ్చింది. తను పెద్దమ్మకి ఊహించుకున్న కళ్ళద్దాలు ఆవిడకి నిజంగానే ఉన్నాయి. క్షణంగారికి ఎటు చూడాలో తెలియలేదు. కనిపించిన ప్రతివాళ్ళకీ నమస్కారం పెట్టాడు. మేనేజరుకి కూడా పెట్టాడు.

బయట వరండాలో రావట్లేదక్కని పట్టుకున్నాడు. ఆవిడ నడుస్తోంది, ఆయన వెనకాల పరుగెత్తుతున్నాడు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదక్కా, వీళ్ళకి రావట్లేదని!"

"చెప్పేదాన్ని, నువ్వు రాకముందు. ఒక పేషెంటుకి రావట్లేదు అంటే ఒక్కరూ తల తిప్పేవారు కాదు. ఒక్కరికేగా, వదిలెయ్ అనేవారు. ఒకసారి నోరు జారి పెద్దమ్మకి రావట్లేదన్నాను. అందరూ లేచారు." ఆవిడ భుజాలెగరేసింది. "సరే, చుట్టరికం కలిపేశాను. నువ్వు విసుక్కుంటావు గానీ, అందరికంటే ముందు లేచింది నువ్వే."

"పిన్నికి లేవలేదుగా" అన్నాడు క్షణంగారు, తలొంచుకుని.

"నేలమీద కూర్చున్నావుగా. పద, పద. ఆవిడ సాయంత్రం ఇంటికెళ్ళి తీగ గుచ్చుతుంది. మళ్ళీ డబ్బాయే. అక్కడ నువ్వుండవు."

మేనేజరు ఆ మధ్యాహ్నం అందరికీ టీ తెప్పించి, పని విజయవంతంగా ముగిసిందని ప్రకటించాడు. క్షణంగారు టీ తాగలేదు. కుర్చీ వెనక్కి తన్ని, నిలబడే టైపు చేశాడు. ఇంక ఖాళీ డబ్బా అన్నది ఎవరికీ కనిపించకూడదు. పేజీ ముందుగా ట్యాబ్‌ని తేదీ అడుగుతుంది. అది పేజీ పుట్టకముందటి తేదీ చెబితే, కెటిల్ చోట పెద్ద అక్షరాలతో, "మీ ట్యాబ్‌లో తేదీ తప్పుగా ఉంది. మీ తప్పేం లేదు. ఇక్కడ నొక్కి, ఇలా సరిచేసుకోండి" అని బొమ్మలతో సహా వస్తుంది. "మీ తప్పేం లేదు" అన్న వాక్యం రావట్లేదక్క పెట్టించింది. అక్షరాల పరిమాణం దగ్గర ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. ఆవిడే గెలిచింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు ఆఫీసు ఫోను మోగింది. కుట్టుపనావిడ, క్షణంగారు కావాలంది. ఆయన గబుక్కున అందుకున్నాడు.

"ఏమ్మా, రావట్లేదా?"

"అదేం లేదు నాయనా. ఆ పేజీ చెప్పినట్టే తేదీ నేనే సరిచేసుకుంటున్నా. కానీ నాదొక మనవి. దయచేసి దీన్ని బాగుచెయ్యొద్దు."

"అదేమిటమ్మా?"

"తీగ గుచ్చినప్పుడల్లా ఈ ట్యాబ్ ఎక్కడో నా చిన్నప్పటి కాలంలో లేస్తుందా? అక్కణ్ణించి ఈ ఏడాదికి రావాలంటే ఆ తేదీల చక్రాన్ని వేలితో తొయ్యాలి. తోస్తూనే ఉండాలి. నా పెళ్ళి దాటాలి, మా పెద్దదాని పెళ్ళి దాటాలి, ఇల్లు కట్టింది దాటాలి. రోజూ కుడిచేత్తోనే తోస్తున్నా. నిన్న సూదిలో దారం ఎక్కించాను, తెలుసా? డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. ఏ వ్యాయామం చేశావమ్మా, కెటిలా, బంతులా, గుండీలా అని అడిగింది. అవేవీ కావమ్మా, క్యాలెండర్ అన్నాను."

క్షణంగారు ఫోను చేత్తో మూసి, మెట్లమీదున్న రావట్లేదక్కకి సంగతి చెప్పాడు. ఆవిడ అక్కడే మెట్టుమీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఇంతలో మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ ఫోన్ చేసిందట. పేషెంట్లందరికీ ఆ క్యాలెండరు చక్రమే కావాలట, ఎప్పటికి అవుతుందని అడుగుతోందట.

"వారం పడుతుందండీ" అన్నాడు క్షణంగారు, అప్పటికే కాగితం మీద చక్రం గీస్తూ. "కెటిల్ తీసెయ్యమందా?"

"వద్దందట. టీ పారబొయ్యడం వాళ్ళకి సరదాగా ఉందట."